వెలిగే జెల్లు, నీళ్లలో అయాన్లు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండి. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? సరే. ఇవాళ మన విషయం, నీళ్లలో ఉండే అయాన్లని, అంటే ఛార్జ్ ఉన్న కణాల్ని, వెలిగే జెల్‌తో ఎలా పట్టాలి, ఎలా తియ్యాలి అని. బాబూ ఆ లైట్లు ఒక్క రెండు నిమిషాలు ఆపేయండి, ఫ్యాన్లు వద్దు, అవి తిరగనివ్వండి, చచ్చిపోతాం లేకపోతే.

ఈ గ్లాసులో ఉన్నది టానిక్ వాటర్, సూపర్ మార్కెట్లో దొరికేదే, ఇంకేం కలపలేదు. దీని మీద యూవీ టార్చ్ వేస్తున్నా, 365 నానోమీటర్లది, షాపుల్లో దొంగనోట్లు చూస్తారు కదా ఆ రకం లైటే. చూశారా, నీలంగా ఎలా వెలుగుతోందో. అది క్వినైన్ పని, మలేరియా మందు, చేదు కోసం ఇందులో కొంచెం వేస్తారు. ఇప్పుడు మామూలు ఉప్పు రెండు చెంచాలు వేసి కలుపుతున్నా... గ్యాస్ పొంగుతుంది, ఒక్క క్షణం ఆగండి... ఆ, ఇప్పుడు చూడండి. పక్కన ఉప్పు వెయ్యని గ్లాసు పెట్టా, రెండిటికీ తేడా తెలుస్తోందా? ముందు వరసకి బాగా తెలుస్తుంది, వెనక వాళ్లు తర్వాత వచ్చి చూద్దురు గాని.

ఏం జరిగిందంటే క్వినైన్ కాంతిని మింగి, మళ్లీ వెలుగు కక్కే లోపు ఉప్పులోని క్లోరైడ్ అయాన్ వచ్చి గుద్దుకుని ఆ శక్తిని వేడిగా పోగొట్టేసింది. ఇలా కాంతిని మింగి వెలుగు కక్కడానికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టిన జార్జ్ స్టోక్స్ 1852లో క్వినైన్ ద్రావణాలతోనే ఈ విషయం మొదలుపెట్టాడు, అంటే ఇది నిన్నా మొన్నా వచ్చిన సంగతి కాదు. లైట్లు వేసెయ్యండి.

ఇందులో మంచీ ఉంది చెడ్డా ఉంది. మంచేంటంటే కంటికి కనపడని అయాన్ ఒకటి కంటికి కనపడే మార్పు తెచ్చింది. చెడ్డేంటంటే ఉప్పు బదులు బ్రోమైడ్ వేసినా అయోడైడ్ వేసినా ఇదే జరిగేది, ఇంకా ఎక్కువ జరిగేది. లైటు తగ్గింది అంటే ఎవరో వచ్చారని తెలిసింది గానీ ఎవరొచ్చారో తెలీలేదు. ఈ మాట ఇవాళ నేను రెండు మూడు సార్లు అంటాను, విసుక్కోకండి.

దీనికి ఎదురు రకం కూడా ఉంది. 1867లో గోపెల్స్‌రోడర్ అనే ఆయన మోరిన్ అనే మొక్కల రంగు తీసుకుని అల్యూమినియంతో కలిపితే అది ఆకుపచ్చగా వెలగడం చూశాడు, దాంతో అల్యూమినియం ఉందో లేదో పట్టొచ్చని చెప్పాడు. ఇక్కడ చీకట్లోంచి వెలుగు వచ్చింది. ఆఫ్ అయ్యే సెన్సర్, ఆన్ అయ్యే సెన్సర్. నన్నడిగితే ఎప్పుడూ ఆన్ అయ్యేదాన్నే నమ్మండి, ఎందుకంటే ఆరిపోవడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి, వెలగడానికి అన్ని ఉండవు.

సరే, ఇప్పుడు జెల్ దగ్గరికి వద్దాం. జెల్ అంటే మనందరికీ తెలిసిందే, పెరుగు జెల్లే. పాలలో ఉన్న కేసీన్ ప్రోటీన్ ఒకదానికొకటి అతుక్కుని వలలాగా అల్లుకుంటుంది, ఆ వల్లో నీళ్లు ఇరుక్కుపోతాయి, గిన్నె వంచినా కారదు. గట్టి పదార్థం తక్కువ, నీళ్లే ఎక్కువ, అయినా గట్టిగా నిలబడింది. 1926లో డొరొతీ జోర్డన్ లాయిడ్ అనే శాస్త్రవేత్త జెల్‌ని గుర్తుపట్టడం తేలిక, నిర్వచించడమే కష్టం అన్నట్టు రాసింది, ఇప్పటికీ జెల్ పేపర్లు చాలావాటికి ఆ మాటతోనే మొదలు. మా ల్యాబుల్లో కూడా పరీక్ష అంతే, సీసాని తలకిందులు చేస్తాం, కారకపోతే జెల్ అని రాసుకుంటాం. తర్వాత జెల్ గట్టిదనం కొలిచే రియోమీటర్ గట్రా ఉంటాయనుకోండి, కానీ మొదటి ఫొటో మాత్రం తలకిందుల సీసాయే.

పెరుగులో వల అల్లేది పెద్ద ప్రోటీన్లు. నేను చెప్పబోయే జెల్‌లో అల్లేది చిన్న చిన్న అణువులు, మాలిక్యులర్ వెయిట్ వందల్లోనో, వెయ్యి, రెండు వేల చుట్టుపక్కలో ఉండేవి. వీటి మధ్య గట్టి కోవేలెంట్ బంధాలేం ఉండవు, హైడ్రోజన్ బాండ్లు, బెంజీన్ రింగులు ఒకదానిమీద ఒకటి పేర్చుకోవడం, పొడుగు కార్బన్ తోకలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండడం, ఇలాంటి బలహీనమైన పట్లే. ఇవన్నీ కలిసి అణువుల్ని వరసగా నిలబెడితే నానోమీటర్ల మందం ఉన్న నార పోగులు తయారవుతాయి, అవి మైక్రోమీటర్ల పొడుగు పెరిగి చిక్కుపడి ద్రావణాన్ని పట్టేసుకుంటాయి. వంద పాళ్ల ద్రావణానికి ఒకటో రెండో పాళ్ల పదార్థం చాలు చాలాసార్లు. వేడి చేస్తే విడిపోయి నీళ్లలా అయిపోతుంది, చల్లారితే మళ్లీ గడ్డకడుతుంది, ఇలా ఎన్నిసార్లైనా. ఇవే సూప్రామాలిక్యులర్ జెల్స్. అణువుల మధ్య ఉండే ఈ బలహీన బంధాల కెమిస్ట్రీకే 1987లో పెడర్సన్, క్రామ్, లేన్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. అందులో పెడర్సన్ డూపాంట్ కంపెనీలో పనిచేసే ఆయన, పీహెచ్‌డీ లేదు, క్రౌన్ ఈథర్లు అనే రింగు అణువుల మీద ఆయన పేపర్ 1967లో వచ్చింది. పొటాషియం అయాన్ సరిగ్గా పట్టేంత రింగు చేసి చూపించాడు. అయాన్‌ని ఎంచి పట్టుకోవడం అనే ఆలోచనకి మన టాపిక్‌లో పునాది అదే.

బలహీనమైన బంధాలు అని చెప్పా కదా, బలహీనం కాబట్టే మనకి పనికొస్తాయి. గట్టి ప్లాస్టిక్ వలలోకి ఒక అయాన్ వస్తే దానికేం పట్టదు. ఇక్కడ అలా కాదు, ఒక మెటల్ అయాన్ లోపలికొచ్చి అణువులో ఉన్న ఆక్సిజన్‌నో నైట్రోజన్‌నో పట్టుకుంటే అప్పటిదాకా అక్కడున్న హైడ్రోజన్ బాండ్ తెగుతుంది, వరస చెదురుతుంది, రంగు మారుతుంది, వెలుగు మారుతుంది, ఒక్కోసారి జెల్ మొత్తం కరిగి సీసాలో కారిపోతుంది. అంటే సిగ్నల్ అనేది అణువు స్థాయిలో జరిగి మన కంటి స్థాయికి పెద్దదై వస్తుంది. ఇంగ్లండ్‌లో డరమ్ యూనివర్సిటీ జొనాథన్ స్టీడ్ వాళ్లు యూరియా జెల్స్ మీద చాలా పని చేశారు, ఏ అయాన్ వేస్తే జెల్ గట్టిపడుతుంది, ఏది వేస్తే జారిపోతుంది అని, 2009లో నేచర్ కెమిస్ట్రీలో వాళ్ల వ్యాసం ఉంది, ఆసక్తి ఉన్నవాళ్లు చూడండి.

ఇప్పుడు వెలుగు సంగతి. పాత చిక్కు ఒకటుంది. మామూలు ఫ్లోరెసెంట్ రంగులు పలచగా ఉన్నప్పుడే బాగా వెలుగుతాయి, చిక్కగా చేస్తే ఒకదాన్నొకటి ఆర్పేసుకుంటాయి. పైరీన్‌తో ఇది 1950ల్లోనే చూశారు. జెల్ అంటేనే అణువులన్నీ ఒకచోట కిక్కిరిసి ఉండడం కదా, మరి అందులో వెలుగెట్లా? 2001లో హాంకాంగ్‌లో బెన్ జోంగ్ టాంగ్ బృందం ఒక తమాషా చూసింది, సిలికాన్ ఉన్న ఒక రింగు అణువు, సైలోల్ అంటారు, కరిగి ఉన్నప్పుడు దాదాపు వెలగట్లేదు, నీళ్లు పోసి గుంపు కట్టిస్తే భగ్గున వెలుగుతోంది. కారణం ఏంటంటే ఆ అణువు చుట్టూ రెక్కల్లాగా ఫీనైల్ రింగులు ఉంటాయి, విడిగా ఉన్నప్పుడు అవి గిరగిరా తిరుగుతూ శక్తినంతా ఆ తిరగడంలోనే ఖర్చుపెట్టేస్తాయి, గుంపులో ఇరుక్కుంటే తిరగడానికి చోటుండదు, ఇక శక్తికి వెలుగుగా రావడం తప్ప దారి లేదు. అగ్రిగేషన్ ఇండ్యూస్డ్ ఎమిషన్, పొట్టిగా ఏఐఈ అంటాం. ఈ ఏఐ వేరు, ఆ ఏఐ వేరు, అడ్మిషన్లప్పుడు పిల్లల తల్లిదండ్రులు కన్ఫ్యూజ్ అవుతున్నారు (నవ్వులు).

దీంతో జెల్ వాళ్ల పంట పండింది. వేడిగా కరిగి ఉన్నప్పుడు మసకగా ఉంటుంది, చల్లారి జెల్ అయ్యేకొద్దీ వెలుగు పెరుగుతుంది, కళ్ల ముందే కనపడుతుంది, అది చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

మరి అయాన్ కోసం అణువుని ఎలా కడతారు అంటే, ఉజ్జాయింపుగా మూడు ముక్కలు. తోకలు ఒకటి, పన్నెండో పదహారో కార్బన్ల గొలుసులు, ఇవి పోగులు అల్లుకోవడానికి. వెలిగే ముక్క ఒకటి, నాఫ్తలీన్ లాంటిదో ఇంకేదన్నా రింగుల గుంపో. మూడోది పట్టుకునే చెయ్యి, ఇందులో అసైల్ హైడ్రజోన్ అనే గ్రూపు బాగా వాడతారు, ఎందుకంటే అది ఒకేసారి రెండు పనులు చేస్తుంది, పక్క అణువుతో హైడ్రోజన్ బాండ్ కడుతుంది, మెటల్ వస్తే దాన్నీ పట్టుకుంటుంది. తయారీ కూడా పెద్ద కష్టం కాదు, ఆల్డిహైడ్ ఒకటి, హైడ్రజైడ్ ఒకటి, కలిపి కాస్త వేడి చెయ్యడమే, ఎమ్మెస్సీ పిల్లలు చేసేస్తారు.

ఏ చెయ్యి ఏ అయాన్‌ని పట్టుకుంటుందో చెప్పడానికి 1963లో పియర్సన్ చెప్పిన లెక్క, హార్డ్ హార్డ్‌తో, సాఫ్ట్ సాఫ్ట్‌తో జతకడుతుంది అన్నది, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. ఫెర్రిక్ ఐరన్, అల్యూమినియం హార్డ్, ఇవి ఆక్సిజన్ వైపు పోతాయి, ఫ్లోరైడ్ వైపు పోతాయి. పాదరసం సాఫ్ట్, సల్ఫర్ కనపడితే వదలదు. మన ఒంట్లో అది చేసే నష్టం కూడా అక్కడే మొదలు, ప్రోటీన్లలో ఉన్న సల్ఫర్‌ని పట్టుకుంటుంది. జపాన్‌లో మినమాటా ఊళ్లో జరిగింది మీలో చాలామందికి తెలుసు, 1956లో జబ్బు బయటపడింది, ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి మిథైల్ మెర్క్యురీగా చేరి మనుషుల నరాల్ని తినేసింది. ఆ ఊరి పేరు మీదే 2013లో అంతర్జాతీయ ఒప్పందం పెట్టారు.

చైనాలో లాన్‌జౌ అని ఊరుంది, అక్కడ నార్త్‌వెస్ట్ నార్మల్ యూనివర్సిటీలో వెయ్ తైబావ్, లిన్ చీ, జాంగ్ యౌమింగ్ వాళ్ల బృందం ఈ జెల్స్ మీద వరసపెట్టి పేపర్లు రాసింది, ఈ ఫీల్డులో ఏది వెతికినా వాళ్ల పేర్లు తగులుతాయి. వాళ్ల పద్ధతి ఏంటంటే పోటీ పెట్టడం. ముందు వెలిగే జెల్ చేస్తారు. అందులో ఐరన్ వేస్తారు, ఆరిపోతుంది, ఇప్పుడది మెటల్ జెల్. ఈ ఆరిపోయిన జెల్‌కి ఫ్లోరైడో సయనైడో చూపిస్తే, దానికి ఐరన్ మీద ఎక్కువ ప్రేమ ఉంటే ఐరన్‌ని లాక్కుపోతుంది, జెల్ మళ్లీ వెలుగుతుంది. అదే కాపర్ వేసి ఆర్పితే సయనైడ్ వచ్చి కాపర్‌ని తీసుకుపోతుంది. పాదరసంతో ఆర్పితే అయోడైడ్ లాక్కోగలదు. అంటే ఒకే అణువుని రకరకాల మెటల్స్‌తో ఆర్పి వరసగా పెడితే ఒక్కో సీసా ఒక్కో అయాన్‌కి వెలుగుతుంది, ఏ సీసాలు వెలిగాయో చూసి ఎవరొచ్చారో చెప్పొచ్చు. ఇందాకటి ఉప్పు సమస్యకి ఇది ఒక జవాబు. ఒక్క సాక్షి మాట కాకుండా పదిమంది సాక్షుల మాట కలిపి వినడం.

వాళ్లే కాదు ఇంకా చాలామంది పిల్లర్‌ఎరీన్ అనే అణువు కూడా వాడతారు. 2008లో జపాన్‌లో తొమోకి ఒగోషి చేసింది, ఐదు బెంజీన్ రింగులు గుండ్రంగా స్తంభంలా నిలబడతాయి, మధ్యలో సుమారు అర నానోమీటరు ఖాళీ. ఆ ఖాళీలోకి పక్క అణువు తోక దూరుతుంది, దాని ఖాళీలోకి ఇంకోటి, అలా గొలుసు కట్టుకుంటూ పోతుంది. అందంగా ఉంటుందని పిల్లలు ఎగబడతారు, పని కూడా చేస్తుంది.

ఇంతవరకూ పట్టడం. ఇప్పుడు వేరుచెయ్యడం. జెల్‌లో ఉన్న ద్రావణాన్ని ఆరబెడితే పోగుల వల మాత్రం మిగులుతుంది, తేలికగా, బోలుగా ఉంటుంది, జీరోజెల్ అంటారు. దాన్ని కలుషితమైన నీళ్లలో వేసి కలిపి, కాసేపాగి వడకట్టేస్తే అయాన్ జీరోజెల్‌తో పాటు బయటికొస్తుంది. నీళ్లలో ఎంత మిగిలిందో ఐసీపీ అని, లోహాల్ని కొలిచే మిషన్ మీద చూస్తారు. తొంభై శాతం పైన పోయింది అని పేపర్లలో మామూలుగా కనపడుతుంది. అదే పదార్థం చూపిస్తుంది కూడా, తీసేస్తుంది కూడా, పైగా ఎప్పుడు నిండిపోయిందో దాని వెలుగే చెప్తుంది. యాక్టివేటెడ్ కార్బన్ ఈ చివరి పని చెయ్యదు, నిండినా నల్లగానే ఉంటుంది, నిండకపోయినా నల్లగానే ఉంటుంది. నాకు ఈ జెల్స్‌లో నిజంగా నచ్చింది ఇదొక్కటే, మిగతా వెలుగులూ ఫొటోలూ జర్నల్ కవర్ పేజీకి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ టాపిక్ చెప్పగానే మన ఏరియాలో అందరూ అడిగేది ఒకటే, ఫ్లోరైడ్ తీస్తుందా అని. అడగాల్సిందే. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట 1937లో రిపోర్ట్ అయ్యింది నెల్లూరు ప్రాంతం నుంచే. తర్వాత నల్గొండ పేరు దేశమంతా పాకింది, ఎంతగా అంటే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరీ, అంటే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఊరి పేరు ప్రపంచ పుస్తకాల్లోకి అలా ఎక్కడం ఎవరు కోరుకుంటారు చెప్పండి.

కాబట్టి లెక్క వేద్దాం, నాతో పాటు వెయ్యండి. 20 లీటర్ల క్యాన్. నీళ్లలో లీటరుకి 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం, బీఐఎస్, అంటే మన దేశ ప్రమాణాల సంస్థ ప్రకారం 1 దాటకూడదు, తప్పనిసరైతే 1.5 దాకా. అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములు తియ్యాలి, క్యాన్‌కి 40. ఫ్లోరైడ్ అణుభారం 19, కాబట్టి ఆ 40 మిల్లీగ్రాములు 2.1 మిల్లీమోల్స్, మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత. మన జెల్ అణువు బరువు వెయ్యి అనుకుందాం, ఒక అణువు ఒక ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది, ఒక్కటి కూడా వృథా కాలేదు అనుకుందాం. ఎంత కావాలి? 2.1 గ్రాములు. ఒక్క క్యాన్‌కి. రోజూ. ల్యాబ్‌లో శుద్ధి చేసే కాలమ్ వేసి మిల్లీగ్రాముల్లో తీసే పదార్థం అది, గ్రాము తియ్యాలంటే రిసెర్చ్ స్కాలర్‌కి ప్రాణం మీదికొస్తుంది. పటిక కిలో ఎంత? ఇంక పోలికే లేదు.

ఇప్పుడు అదే క్యాన్‌లో పాదరసం. లిమిట్ లీటరుకి 1 మైక్రోగ్రాము. దానికి పది రెట్లు, 10 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. మొత్తం తియ్యాలన్నా క్యాన్‌కి 200 మైక్రోగ్రాములు, పాదరసం బరువు 200, అంటే 1 మైక్రోమోల్. జెల్ ఎంత కావాలి? 1 మిల్లీగ్రాము. అర్థమైందా తేడా, రెండు వేల రెట్లు. ఈ పదార్థం మైక్రోగ్రాముల శత్రువులకి, మిల్లీగ్రాముల శత్రువులకి కాదు. పాదరసం, సీసం, యురేనియం, ఇవి దీని పని. నల్గొండ ఫ్లోరైడ్‌కి ఇది మందు అని ఎవరైనా ప్రాజెక్ట్ ప్రపోజల్ రాస్తే నేను రివ్యూయర్‌నైతే ఈ లెక్కే అడుగుతా.

ఫ్లోరైడ్ పట్టడం మాటేంటి, తియ్యకపోతే తియ్యకపోయింది అంటారా. అక్కడ ఇంకో చిక్కు. ఫ్లోరైడ్ సెన్సర్ పేపర్ తీసి ఎక్స్‌పెరిమెంటల్ సెక్షన్ చదవండి, చాలావాటిలో టెట్రాబ్యూటైల్ అమ్మోనియం ఫ్లోరైడ్ అనే లవణం, నీళ్లలో కాదు, డీఎంఎస్ఓ అనే ఆర్గానిక్ ద్రావకంలో, అని ఉంటుంది. డీఎంఎస్ఓలో ఫ్లోరైడ్ బట్టల్లేకుండా ఉన్నట్టే, చాలా ఘాటుగా ఉంటుంది, అణువులో నైట్రోజన్‌కి అంటుకున్న హైడ్రోజన్ (ఎన్‌హెచ్) కనపడితే దాని ప్రోటాన్ లాగేస్తుంది, రంగు మారిపోతుంది. ఇటలీలో పావియా యూనివర్సిటీ ఫాబ్రిజ్జీ వాళ్లు యూరియా సెన్సర్లతో ఇది విడమరిచి చూపించారు, కొన్నిసార్లు జరుగుతున్నది పట్టుకోవడం కాదు, మామూలు యాసిడ్ బేస్ రియాక్షన్ అని. అలాంటప్పుడు హైడ్రాక్సైడ్ వేసినా అదే రంగు వస్తుంది. నీళ్లలోకొస్తే ఫ్లోరైడ్ చుట్టూ నీటి అణువులు గట్టిగా కమ్ముకుంటాయి, అవి వదిలితేగా మన జెల్ దగ్గరికొచ్చేది. పైగా ఫ్లోరైడ్ కొలవడానికి 1966 నుంచి లాంథనమ్ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంది, ఫ్రాంట్, రాస్ చేసింది, నీళ్లలోనే, బాగా పనిచేస్తుంది. దాన్ని ఓడించేది ఏంటో చెప్పకుండా కొత్త సెన్సర్ అంటే నాకు నమ్మకం కుదరదు.

మరి లిమిట్ ఆఫ్ డిటెక్షన్, అంటే పట్టగలిగే అతి తక్కువ మోతాదు, అని ఒక అంకె వేస్తారు కదా అబ్‌స్ట్రాక్ట్‌లో, పది టు ద పవర్ మైనస్ తొమ్మిది మోలార్ అని, అంటే లీటరుకి ఒక నానోమోల్. పాదరసానికైతే బీఐఎస్ లిమిట్ 5 నానోమోలార్ అవుతుంది, సీసానికి 48, కాబట్టి నానోమోలార్ దగ్గరుంటే సరిపోతుంది, అంకె బాగానే ఉంది. కానీ అది ఎలా వచ్చింది? ఖాళీ శాంపిల్‌ని చాలాసార్లు కొలిచి, ఆ ఊగులాటని మూడుతో గుణించి, గ్రాఫ్ వాలుతో భాగిస్తారు. అది మిషన్ ఎంత నిలకడగా ఉందో చెప్తుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్, క్లోరైడ్ అన్నీ కుమ్మేసి ఉంటాయి, చెరువు నీళ్లలో ఆకులు కుళ్లిన హ్యూమిక్ పదార్థాలు ఉంటాయి, యూవీ వేస్తే అవి వాటంతటవే నీలంగా వెలుగుతాయి. అవేవీ ఆ అంకెలో లేవు.

ఇంకోటి, ఫెర్రిక్ ఐరన్ సెన్సర్లు లెక్కలేనన్ని వచ్చాయి, వేస్తే ఆరిపోయింది, పట్టేశాం అంటారు. ఫెర్రిక్ ద్రావణం పసుపుగా ఉంటుంది, యూవీని తనే మింగేస్తుంది. మనం వేసిన కాంతి జెల్ దాకా చేరకముందే ఐరన్ తాగేస్తే జెల్ వెలగదు మరి. జెల్‌కీ ఐరన్‌కీ అసలు పరిచయమే కాలేదు. ఇన్నర్ ఫిల్టర్ ఎఫెక్ట్ అంటారు, కరెక్షన్ చెయ్యాలి, లైఫ్‌టైమ్, అంటే వెలుగు ఎంతసేపు నిలుస్తుందో కొలవాలి. రిసెర్చ్ పిల్లలు ఇక్కడుంటే దయచేసి ఈ ఒక్కటీ రాసుకోండి.

ఇదంతా విని పనికిరాదు అంటున్నా అనుకోకండి, మన దేశంలోనే చాలా చక్కటి పని జరిగింది. త్రివేండ్రంలో నిస్ట్ అనే పరిశోధన సంస్థలో అజయఘోష్ వాళ్లు 2001లోనే ఫీనైలీన్ వినైలీన్ అణువులతో వెలిగే ఆర్గానోజెల్స్, అంటే నీళ్ల బదులు ఆర్గానిక్ ద్రావకంతో కట్టే జెల్స్ చేశారు. బెంగళూరు ఐఐఎస్సీలో ఉదయ్ మైత్రా వాళ్లు పైత్యరసంలో ఉండే ఆమ్లాల లవణాలు తీసుకుని, టెర్బియం, యూరోపియం లాంటి లాంథనైడ్ లోహాలతో కలిపి నీళ్లలోనే జెల్స్ చేశారు. నీళ్లలోనే, డీఎంఎస్ఓ లేదు. టెర్బియంకి సొంతంగా కాంతి మింగే శక్తి తక్కువ, పక్కన ఒక సెన్సిటైజర్ అణువు వేస్తే అది మింగి దీనికి అందిస్తుంది, అప్పుడు పచ్చగా వెలుగుతుంది. దీన్ని కాగితం మీద పూసి సెన్సర్లుగా కూడా వాడారు. నాకు ఈ దారి బాగుందనిపిస్తుంది.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, జెల్ గట్టిగా ఉంటుంది కదా, నీళ్లు పైన పోస్తే అయాన్ లోపలికి ఎట్లా పోతది?

మెల్లగా పోతుందమ్మా, అదే ఇబ్బంది. డిఫ్యూజన్ మీద ఆధారపడాలి, సీసా జెల్ మీద పోస్తే పై పొర ముందు మారుతుంది, కిందికి చేరేసరికి గంటలు పడుతుంది. అందుకే ఎవరూ నిజంగా సీసాలో వాడరు, గాజు పలక మీద పలచగా పూసి ఆరబెట్టి ఫిల్మ్ చేస్తారు, లేదా ఇందాక చెప్పిన జీరోజెల్ పొడి వాడతారు. ఫిల్మ్ మీద అయాన్ నీళ్లతో రాస్తే యూవీ కింద అక్షరాలు కనపడతాయి, మామూలు లైట్లో కనపడవు, ఇంకో అయాన్ నీళ్లతో తుడిచేయొచ్చు కూడా.

ప్రశ్న: మాస్టారూ, నేను వాటర్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. ఇందాక యురేనియం అన్నారు, కడపలో యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె వైపు వాళ్లకి ఇది ఉపయోగమా?

యురేనియం విషయంలో తమాషా ఏంటంటే సార్, యురేనిల్ అయాన్, అంటే నీళ్లలో యురేనియం ఉండే రూపం, తనంతట తనే పచ్చగా వెలుగుతుంది, జెల్ అక్కర్లేదు. ఇప్పుడు బోరు నీళ్లలో యురేనియం కొలిచే ఫ్లోరిమీటర్లు అదే వాడతాయి, పైరోఫాస్ఫేట్ కలిపి ఆ వెలుగుని పెంచి కొలుస్తారు. డబ్ల్యూహెచ్ఓ లెక్క లీటరుకి 30 మైక్రోగ్రాములు, అది ఈ మిషన్లు తేలిగ్గా చూస్తాయి. కాబట్టి కొలవడానికి కొత్తది వద్దు, తియ్యడానికి జెల్ పనికిరావొచ్చు, మైక్రోగ్రాముల లెక్కే కాబట్టి. కానీ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువుంటే యురేనియం కార్బొనేట్‌తో గట్టిగా కట్టుకుని తిరుగుతుంది, దాన్ని విడదీసి లాక్కునే చెయ్యి కావాలి. డిస్టిల్డ్ వాటర్‌లో చేసి చూపిస్తే మీరు ఒప్పుకోకండి, మీ బోరు నీళ్లే ఒక క్యాన్ పట్టుకెళ్లి ఇవ్వండి.

ప్రశ్న: వాడేసిన జీరోజెల్‌ని ఏం చెయ్యాలి సార్? పాదరసం అందులోనే ఉంటుంది కదా.

ఉంటుంది. నీళ్లలో పలచగా ఉన్నది పొడిలో చిక్కగా చేరింది, అంతే. అయోడైడ్‌తో కడిగి పాదరసాన్ని విడిపించి జెల్‌ని మళ్లీ వాడొచ్చు, కొన్ని సార్లు తిప్పి వాడినట్టు పేపర్లలో చూపిస్తారు, కానీ ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తాం? డ్రైనేజీలో పొయ్యకూడదు, ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి. నల్గొండ టెక్నిక్‌లో కూడా అడుగున మిగిలే బురద ఎక్కడ పడెయ్యాలి అన్నదే తెగని తలనొప్పి. ఏ పద్ధతైనా ఈ ఖర్చు కలిపి చెప్పకపోతే సగం ఖర్చే చెప్పినట్టు.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజ్‌లో ఈ వెలుగు కొలిచే స్పెక్ట్రోఫ్లోరిమీటర్ లేదు సార్, అయినా ఏమన్నా చేసి చూడొచ్చా?

చూడొచ్చు. ఇందాక చెప్పిన పైత్యరసం లవణం సోడియం కోలేట్, టెర్బియం ఎసిటేట్ రెండూ కొనుక్కోండి, టెర్బియం కొంచెం రేటు ఎక్కువే గానీ చిటికెడు చాలు. విడివిడిగా నీళ్లలో కరిగించి కలిపితే జెల్ కడుతుంది, అందులో డైహైడ్రాక్సీ నాఫ్తలీన్ రవ్వంత, 2,3 ఐసోమర్ చూసి తీసుకోండి, అది వేస్తే యూవీ కింద పచ్చగా వస్తుంది. తర్వాత కాపర్ సల్ఫేట్, ఫెర్రిక్ క్లోరైడ్, జింక్ సల్ఫేట్, ఇట్లా ల్యాబ్‌లో ఉన్న లవణాలన్నీ ఒక్కో చుక్క వేసి ఏది ఆర్పుతుందో ఏది ఆర్పదో పట్టిక రాయండి, ఫోన్‌తో ఫొటోలు తీసేటప్పుడు ఆటో ఎక్స్‌పోజర్ ఆపెయ్యండి, లేకపోతే ఆరిపోయింది కూడా వెలుగుతున్నట్టే వస్తుంది. పాదరసం లవణాలు మాత్రం ముట్టుకోవద్దు. యూవీ కళ్లజోడు లేకుండా టార్చ్ వెయ్యొద్దు, ముందు ఉత్త జెల్‌కి ఒక ఫొటో, దాని మీద ఉత్త నీళ్లు ఒక చుక్క వేసి ఇంకో ఫొటో తీసుకుని అప్పుడు మొదలుపెట్టండి.